పాత పడవకు ఎంత ఇవ్వాలి?

కొత్త ఫైబర్ పడవ కొనాలంటే లక్షలు కావాలి. అందుకే సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో చాలామంది పాత పడవ కొంటారు. దానికి డబ్బు ఎక్కడిది? చాలా ఇళ్ళల్లో అది పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. పడవ వేటకెళ్ళినా వెళ్ళకపోయినా వాయిదా కట్టాల్సింది ఇంటావిడే. అందుకని బేరం మగవాళ్ళు చూసుకుంటారులే అని ఊరుకోకూడదు.

అమ్మేవాడు చెప్పేది ధర. పడవ విలువ వేరు. "మూడు లక్షలు పోసి చేయించాను" అంటాడు. అది అతను పెట్టిన ఖర్చు. ఇవాళ అలాంటి పడవ ఎంతకు అమ్ముడవుతోందో, అదే దాని విలువ. ఈమధ్య పడవ కొన్నవాళ్ళు ఎవరో తెలుసుకుని మూడు నాలుగు ఇళ్ళల్లో అడగాలి. పొడవూ వయసూ దగ్గరగా ఉన్న పడవలనే లెక్కలోకి తీసుకోవాలి. చెప్పిన ధర కాదు, చేతులు మారిన డబ్బెంతో పుస్తకంలో రాసుకోవాలి.

పడవను ఒడ్డు మీదకు లాగించి పగటి పూట చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే మరీ జాగ్రత్త. రంగు కింద అతుకులు దాక్కుంటాయి. వేలి కణుపుతో తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయి నీరు చేరినచోట మొద్దుగా పలుకుతుంది. ఇసుకకు రాసుకునే అడుగు భాగం, ఇంజను బిగించే చోటు బాగా చూడాలి. పగుళ్ళు అక్కడే ఎక్కువ. చెక్క పడవైతే సన్నని మేకు గుచ్చండి. సులువుగా దిగితే ఆ చెక్క పుచ్చినట్టే.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. కొందరు మనం వెళ్ళేలోపే వేడి చేసి ఉంచుతారు!

పడవ, ఇంజను, వల కలిపి ఒకే ధర చెబుతారు. మనం విడివిడిగా లెక్క కట్టాలి. ఊరికే ఒక లెక్క చూద్దాం. అలాంటి పడవలు మూడు 1,20,000, 1,25,000, 1,30,000 రూపాయలకు అమ్ముడయ్యాయి అనుకుందాం. మధ్యది 1,25,000. మన పడవ అడుగు బాగుచేయడానికి 15,000 అవుతుందట. అది తీసేస్తే 1,10,000. పాత ఇంజనుకు 40,000, వలకు 10,000 కలపండి. మొత్తం 1,60,000. అతను 2,00,000 అడిగితే 40,000 ఎక్కువ అడిగినట్టు.

మత్స్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం చదవండి. అందులోని నంబరూ పడవ మీది నంబరూ ఒకటేనా? అమ్మేవాడు చేపల వ్యాపారి దగ్గర ఆ పడవ మీద అప్పు చేశాడా? చేస్తే ఆ బాకీ ఎవరు తీర్చాలో కాగితం మీద రాయించాలి. లేకపోతే వ్యాపారి రేపు మన గుమ్మం ముందు నిలబడతాడు. పడవ మన పేరుకు మారేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో ఇంజను పడవలకు వేట నిషేధం. ఏప్రిల్ మొదట్లో కొంటే రెండు నెలలు రాబడి ఉండదు. వాయిదా మాత్రం ఆగదు. ఆ మాట కూడా బేరంలో పెట్టి ధర తగ్గించమని అడగవచ్చు.