చొక్కా జేబుపై చిహ్నము

జూను మాసమున బడులు తెరచు దినములు సమీపించినప్పుడు జగ్గయ్యపేట, నందిగామ పట్టణములలోని దర్జీలకు ఊపిరి సలుపదు. చుట్టుపట్ల గ్రామముల పిల్లలకెల్ల క్రొత్త చొక్కాలు కావలెను. ఆ చొక్కాల జేబులపై పాఠశాల చిహ్నము ఉండవలెను. కృష్ణాజిల్లా మెట్టప్రాంతమని పెద్దలు చెప్పుకొను ఈ సీమ 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జగ్గయ్యపేట పరిసరములందు సున్నపురాయి సమృద్ధిగా నుండుటచే సిమెంటు కర్మాగారములు వెలసినవి. బడిపిల్లల చొక్కాలకే గాక, కర్మాగారములలో పనిచేయువారి దుస్తులకును, ఆటగాండ్ర బనియనులకును, టోపీలకును ఇట్టి చిహ్నములు కుట్టించుట నేడు వాడుకైనది. వీనినే లోగోలందురు.

చిహ్నమును బట్టి మనుష్యుని గుర్తించుట ఈ సీమకు క్రొత్త గాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపమున దొరకిన ప్రసిద్ధశిల్పములో చక్రవర్తి చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము మొదలగునవి చెక్కబడియున్నవి. వానిని చూచియే అతడు చక్రవర్తియని తెలిసికొందుము. ఆ శిల్పమిప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది. దానిని చెక్కిన శిల్పికి రాతి గుణము తెలియును. గుడ్డపై దారముతో చిహ్నము కుట్టదలచినవానికి గుడ్డ గుణము తెలియవలెను. ఈ పనిలోని చిక్కంతయు అక్కడనే యున్నది.

మీ జేబుపై నున్న చిహ్నమును ఒకసారి తడవి చూడుడు. అది కుట్టినదైనచో వ్రేలికి ఎత్తుగా తగులును. వెనుకవైపు త్రిప్పి చూచినచో తెల్లని దారమును, కాగితమువంటి పలుచని గుడ్డయు కనబడును. ఆ కాగితపు గుడ్డను బ్యాకింగు అందురు. వేలకొలది కుట్లు పడునప్పుడు చొక్కాగుడ్డ ముడుతలు పడకుండ అది క్రిందనుండి ఆసరా యిచ్చును.

పూర్వము ఇట్టి పనికి దర్జీలకు కాలిమిషనే ఆధారము. మామూలు కుట్టులో మిషను క్రిందనున్న పళ్లు గుడ్డను ముందుకు నెట్టుచుండును. పువ్వుగాని అక్షరముగాని కుట్టదలచినవాడు ఆ పళ్లు గుడ్డను తాకకుండ చేసి, గుడ్డను గుండ్రని చట్రములో బిగించి, ఆ చట్రమును రెండు చేతులతో పట్టి సూది క్రింద అటునిటు నడపును. కాలు మిషనును త్రొక్కుచుండును. చేతులు చిత్రమును గీయుచుండును. కన్నులు ప్రతి కుట్టును కనిపెట్టుచుండును. ఇది చూచుటకు సులభముగా తోచును గాని, చేసిన వారికే దాని కష్టము తెలియును.

నేటి ఎంబ్రాయిడరీ యంత్రమందును సూది పైకి క్రిందికి పోవుటయే గాని ప్రక్కలకు సాగదు. కదలునది చట్రమే. పూర్వము చేతులు చేసిన పనిని మోటారులు చేయుచున్నవి. ఒకటి చట్రమును కుడియెడమలకును, వేఱొకటి ముందువెనుకలకును జరపును. సూది గుడ్డను దూఱి మరల పైకి లేచునప్పుడు పైదారము చిన్న ఉచ్చుగా ఏర్పడును. క్రింద గిఱ్ఱున తిరుగు కొక్కెము ఆ ఉచ్చును పట్టి బాబిను చుట్టును త్రిప్పును. పైదారము, బాబినుదారము పెనవేసికొని ఒక కుట్టగును. నిమిషమునకు 800 కుట్లు కుట్టు యంత్రమున ఇదంతయు సెకనునకు పదమూడు మారులు జరుగును.

ఐతే చట్రము ఎటు జరగవలెనో యంత్రమునకు ఎవరు చెప్పుదురు? కాగితముపై నున్న బొమ్మను అది చూడలేదు. "ఇంత కుడికి, ఇంత పైకి జరిగి గ్రుచ్చుము" అని ప్రతి కుట్టునకును వేఱువేఱుగా ఆజ్ఞ వ్రాసి యియ్యవలెను. ఈ కొలతలు మిల్లీమీటరులో పదియవ వంతు లెక్కన ఉండును. జేబుపై పట్టు సామాన్యమైన చిహ్నమునకు 8,000 కుట్లు పట్టినచో, 8,000 ఆజ్ఞలన్నమాట! వీనిని ఒకడు కంప్యూటరు ముందు కూర్చుండి సిద్ధముచేయును. ఆ పనిని మన దుకాణములలో పంచింగు అందురు. పంచింగనగా రంధ్రములు పొడుచుట. కంప్యూటరులో రంధ్రములెక్కడివని మీకు సందేహము కలుగవచ్చును. ఆ మాట స్విట్జర్లాండు నుండి వచ్చినది. అచ్చట సాంక్ట్ గాలెన్ ప్రాంతపు ఐజాక్ గ్రోబ్లి 1863లో ఓడవలె అటునిటు పోవు నాడెతో ఎంబ్రాయిడరీ చేయు యంత్రమును కనిపెట్టెను. చిన్న ఓడ యను అర్థమిచ్చు షిఫ్లి యను పేరు దానికి వచ్చినది. 1898లో అతని కుమారుడు ఆ యంత్రము తనంతట నడచునట్లు చేసెను. రంధ్రములు పొడిచిన అట్టలే దానికి ఆజ్ఞాపత్రములు. రంధ్రములు పోయినవి, అట్టలు పోయినవి, మాటమాత్రము నందిగామ దాక వచ్చి నిలచినది.

నేనొకమారు పాఠశాల నడపు మిత్రుని వెంట అట్టి దుకాణమునకు పోయితిని. తండ్రికొడుకు లిద్దఱును అందు పనిచేయుచుండిరి. తండ్రి ఒకప్పుడు కాలిమిషనుపై పూలు కుట్టినవాడు. దృష్టి మందగించుటచే ఇప్పుడు దారములు కత్తిరించు పనిమాత్రమే చేయుచుండెను. కుమారుడు పంచింగు నేర్చినవాడు. మా మిత్రునికి 200 జేబులపై చిహ్నము కావలెను. ఏడు సెంటీమీటరుల గుండ్రము. లోపల దీపము, తెఱచిన పుస్తకము. అంచున పాఠశాల పేరు. బడి తెరచుటకు ఆఱు దినములే యున్నవి. యంత్రమునకు ఒకే తల. ఒక్కొక్క చిహ్నమునకు పది నిమిషములనుకొన్నను, 200 జేబులకు 2,000 నిమిషములు, అనగా 33 గంటలకు పైబడును. ఆఱు తలల యంత్రమైనచో ఆఱు జేబు లొక్కసారి కుట్టబడి ఆఱు గంటలలోపల ముగియును. కాని అట్టి యంత్రము కొనుట చిన్న దుకాణమునకు సాధ్యమా?

మొదట మాదిరి ఒకటి కుట్టిరి. కంప్యూటరు తెరపై పున్నమి చంద్రునివలె నున్న గుండ్రము గుడ్డపై కోడిగ్రుడ్డువలె వచ్చినది. దాని అంచునకు లోపలి రంగునకు నడుమ తెల్లని సందు కనబడెను. తండ్రి ఆ గుడ్డను వెలుతురునకు పట్టి చూచి, "ఒరే అబ్బాయీ! గుడ్డ లాగుతుందని ముందే అనుకోవద్దట్రా?" అనెను.

"ఇంత లాగుతుందనుకోలేదు నాన్నా" అని కుమారుడు తల గోకికొనెను.

గుండ్రము గ్రుడ్డగుటకు కారణ మిది. బిగువుగా పడిన ప్రతి కుట్టును తాను సాగిన దిక్కున గుడ్డను కొంచెము లోపలికి లాగును. కుట్లన్నియు అడ్డముగా పడినచో బొమ్మ అడ్డముగా కుదించుకొని, నిలువుగా ఉబ్బినట్లగును. చేతితో కుట్టువాడు దీనిని కన్నులార చూచి అప్పటికప్పుడు చట్రమును రవ్వంత జరపి సవరించుకొనును. యంత్రమునకు కన్నులు లేవు. కావున ఆ సవరణ ముందుగనే ఆజ్ఞలలో చేర్చవలెను. కుమారుడు కుట్ల రెండు కొనలను కొంచెము కొంచెము పొడిగించెను. అనగా తెరపై బొమ్మను బుద్ధిపూర్వకముగా అడ్డముగా సాగదీసెను. వంకరగా గీసిననే గుడ్డపై గుండ్రముగా వచ్చును! ఎంత పొడిగించవలెనన్నది గుడ్డను బట్టి మాఱును. టెర్రికాటనునకు చాలిన కొలత సాగెడు బనియను గుడ్డకు చాలదు.

అడుగుకుట్టును గూడ అతడు మాఱ్చెను. పైకి కనబడు కుట్లు పడకముందు గుడ్డను బ్యాకింగుతో కలిపి పట్టుటకు పలుచగా వేయు కుట్లే అడుగుకుట్లు. ఇంటికి పునాది యెట్టిదో చిహ్నమునకు ఇవి యట్టివి. సన్నని గీతలకు ఈ అంచునుండి ఆ అంచునకు ఒకే పొడుగు కుట్టు వేయుదురు. అది పట్టువలె నిగనిగలాడును. గీత ఏడెనిమిది మిల్లీమీటరుల వెడల్పు దాటినచో ఆ కుట్టు వదులై గోళ్లకు తగులుకొనును. అందుచేత వెడల్పైన చోట్ల చిన్న చిన్న కుట్లను, చాప అల్లినట్లు, తప్పించి తప్పించి వేయుదురు.

తరువాత అక్షరముల తగవు వచ్చినది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములలో నిలువుగీతలెక్కువ. అవి చిన్నవైనను చదువవచ్చును. మన తెలుగక్షరములు గుండ్రనివి. తలకట్టు, కొమ్ములు, సున్నలు, క్రింద ఒత్తులు! ఎంబ్రాయిడరీదారపు మందము మిల్లీమీటరులో సుమారు పదింట నాలుగు వంతులు. అక్షరము నాలుగైదు మిల్లీమీటరుల ఎత్తైనచో 'విద్య' అను మాటలో య-ఒత్తు పురుగువలె ముడుచుకొనును; 'క్ష' పూర్తిగా పూడిపోవును. మా మిత్రుడు పాఠశాల పూర్తిపేరును ఊరిపేరుతో సహా ఉండవలెనని పట్టుపట్టెను. కుమారుడు సన్నని దారమును, సన్నని సూదిని పెట్టి చూచెను. కొంత మేలయ్యెనే గాని ఒత్తులు తేలలేదు. తుదకు ఊరిపేరు తీసివేసి, మిగిలిన అక్షరములను పెద్దవిచేసి, లోపలి సందులను ఉన్నదానికంటె వెడల్పుగా విప్పవలసి వచ్చినది. నా మట్టుకు నాకు ఇదియే మంచిదని తోచినది. చదువరాని పేరు జేబుపై నుండి ప్రయోజనమేమి?

రంగుల సంగతి వినినచో మీరు ఆశ్చర్యపడుదురు. డి.ఎస్.టి. అను పేర వాడుకలోనున్న ఆజ్ఞల ఫైలులో ఎఱుపు, పచ్చ అను మాటలే యుండవు. "ఇక్కడ ఆగి దారము మార్చుము" అని మాత్రమే యుండును. ఏ సూదికి ఏ రంగు ఎక్కించవలెనో పనివాడు చీటిపై వ్రాసికొని సరిచూచుకొనవలెను. చీటి తప్పినచో దీపపుజ్వాల నీలముగాను, పుస్తకము ఎఱ్ఱగాను వచ్చును. యంత్రము మాత్రము ఏ తప్పును ఎఱుగనట్లు కుట్టుకొనిపోవును. దారము తెగినప్పుడు మాత్రమది తెలిసికొని ఆగును. అప్పుడు కొన్ని కుట్లు వెనుకకు పోయి మరల మొదలుపెట్టవలెను.

ఇన్ని జాగ్రత్తలేలయన, కుట్టిన చిహ్నమును విప్పుట దాదాపు వృథా. దారము తీసినను వేలకొలది సూదిరంధ్రములు గుడ్డలో నిలచిపోవును. చెడినది చెడినదే. మఱియొక పొరపాటు కూడ కలదు. జేబును చొక్కాకు కుట్టినపిమ్మట చట్రములో బిగించినచో సూది రెండు పొరలను కలిపి కుట్టివేయును. చిహ్నము చక్కగా నుండును గాని జేబులో కలము పెట్టుటకు చోటుండదు! అందుచే జేబుగుడ్డపై ముందు చిహ్నము కుట్టి, పిదప దానిని చొక్కాకు చేర్చుదురు.

వెల కట్టు పద్ధతియు దీనినుండియే పుట్టినది. పంచింగునకు ఒకసారి కూలి, పిమ్మట వేయి కుట్లకింతయని లెక్క. ఒక్క చొక్కాకు చిహ్నము కావలెననువాడు పంచింగు కూలి నంతయు తానే మోయవలెను; 200 చొక్కాలకైనచో అది 200 భాగములగును.

రెండవ మాదిరియు తండ్రి చేతికి పోయెను. అతడు దానిని త్రిప్పి వెనుకవైపే ముందు చూచెను. గీతల నడుమ మూడవవంతు మేర తెల్లని బాబినుదారము సమముగా కనబడుటచే దారముల బిగువు సరిపోయినదని తెలియును. వెడల్పు, నిడివి దారముతో కొలిచి, "ఇక నడుపు" అనెను. ఆ మాదిరిగుడ్డకు గుడ్డ రకము, రంగుల వరుస వ్రాసిన చీటిని గుండుసూదితో గ్రుచ్చి గోడకు తగిలించిరి. వచ్చు సంవత్సరము పాఠశాలవారు అదే గుడ్డ తెచ్చినచో ఆ ఫైలే చాలును. గుడ్డ మాఱినచో మరల మాదిరి కుట్టి చూడవలసినదే.