సామాను సరిహద్దు దాటింది, పొలం దాటలేదు

2015 నవంబరులో బంగ్లాదేశ్ ఉత్తర జిల్లాల నుంచి పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లాకు తొమ్మిది వందల పైచిలుకు మంది కుటుంబాలతో సహా తరలివచ్చారు. వారి కోసం ఉభయ ప్రభుత్వాలూ కుదుర్చుకున్న ఏర్పాట్లు కాగితం మీద సులభంగానే కనిపించాయి. జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ ప్రయాణ అనుమతి పత్రం ఇస్తారు. ఇంట్లోని చరాస్తులనూ, నగదునూ వెంట తెచ్చుకోవచ్చు. భూమిని బయలుదేరే లోపు అమ్ముకోవచ్చు, లేదా హక్కు నిలుపుకొని జిల్లా అధికారుల ద్వారా తరువాత తేల్చుకోవచ్చు. నవంబరు 30 గడువు.

మంచాలు, పెట్టెలు, వంటపాత్రలు, ధాన్యపు బస్తాలు, పందిరి నుంచి ఊడదీసిన రేకులు వాహనాలకెక్కాయి. ఛాంగ్రాబంధా వంటి సరిహద్దు ఠాణాల వద్ద పూలదండలతో, మిఠాయిలతో స్వాగతం లభించింది. అటుపిమ్మట దిన్‌హాటా, మేఖ్‌లీగంజ్, హల్దీబాడీలలో వరుసగా వేసిన రేకుల షెడ్లు వారి కొత్త ఇళ్ళయ్యాయి. ఎవరి ఇల్లు ఏదో గుర్తుపట్టడానికి అంకెలు తప్ప వేరే ఆధారం లేని వాడ అది.

విచిత్రమేమంటే, వీరు ఒక దేశం విడిచి మరొక దేశానికి వలస వచ్చినవారు కారు. చట్టం దృష్టిలో అంతకు నాలుగు నెలల క్రితం వరకూ వీరి ఊళ్ళు భారతదేశమే. దేశం తమ కాళ్ళ కింది నుంచి తొలగిపోగా, దానిని వెతుక్కుంటూ వచ్చినవారు.

తెలుగు పాఠకులకు యానాం తెలిసినదే. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ముక్క. కాకినాడ నుంచి యానాం పోయేవారికి బస్సు టిక్కెట్టు తప్ప మరే కాగితమూ అక్కరలేదు. ఆ గీత రెండు పరిపాలనల మధ్య కాక రెండు సర్వసత్తాక దేశాల మధ్య ఉన్నట్లయితే ఏమవుతుందో ఊహించుకుంటే కూచ్‌బిహార్ సరిహద్దు సమస్య అర్థమవుతుంది. బెంగాలీలో వీటిని ఛిట్‌మహళ్ళు అంటారు. ఛిట్ అంటే తునక. బంగ్లాదేశ్ లోపల భారత తునకలు 111, వాటి విస్తీర్ణం 17,160 ఎకరాలు. భారతదేశం లోపల బంగ్లాదేశ్ తునకలు 51, వాటి విస్తీర్ణం 7,110 ఎకరాలు. వీటిలో దాహలా ఖాగ్రాబాడీ అనేది ప్రపంచంలోనే సాటిలేని చిక్కుముడి. బంగ్లాదేశ్‌లో ఉన్న ఒక భారత తునక, దానిలో ఒక బంగ్లా తునక, ఆ బంగ్లా తునకలో మళ్ళీ రెండెకరాలకు లోపు భారత పొలం!

కూచ్‌బిహార్ మహారాజు, రంగ్‌పూర్ ఫౌజుదారు చదరంగం ఆడుతూ ఊళ్ళను పణంగా ఒడ్డేవారనీ, గెలిచిన ఊళ్ళే ఈ తునకలనీ ఆ ప్రాంతంలో కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ చరిత్రకారులు అంగీకరించలేదు. 18వ శతాబ్ది ఆరంభంలో మొగలు సేనలకూ, కూచ్‌బిహార్ సంస్థానానికీ మధ్య జరిగిన పోరు సంధితో ముగిసినప్పుడు, ఎవరి ఆధీనంలో ఏ ఊరుందో అది వారిదేనని వదిలివేయడమే దీనికి మూలమని వారంటారు. రాజుల కాలంలో దీనివల్ల ఎవరికీ పెద్ద ఇబ్బంది కలగలేదు. శిస్తు ఒకరికి చెల్లించేవారు, సంత మరొకరి ఊళ్ళో చేసుకునేవారు. 1947లో రంగ్‌పూర్ పాకిస్తాన్‌కు పోవడం, 1949లో కూచ్‌బిహార్ భారతదేశంలో విలీనం కావడం, 1952లో తూర్పు పాకిస్తాన్ రాకపోకలకు పాస్‌పోర్టు, వీసా విధానం ప్రవేశపెట్టడం - ఈ మూడింటితో తునకల్లోని జనం ఉన్నచోటనే బందీలైపోయారు.

బందీలన్న మాట అతిశయోక్తి కాదు. భారత ఛిట్‌మహల్‌లోని రైతు తన జిల్లా కేంద్రమైన కూచ్‌బిహార్‌కు చట్టబద్ధంగా వెళ్ళాలంటే వీసా కావాలి. వీసాకు పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు కోసం పొలం గట్టు దాటితే అప్పటికే వీసా లేకుండా పరాయి దేశంలో అడుగుపెట్టినట్లు! ఊళ్ళో బడి లేదు, ఆసుపత్రి లేదు, కరెంటు తీగ పక్క ఊరి దాకా వచ్చి ఆగిపోయింది. దొంగతనం జరిగితే ఏ దేశపు పోలీసూ రాడు. భూమి అమ్మకాలు తెల్లకాగితాల మీద, పెద్దమనుషుల ఎదుట జరిగిపోయేవి.

అరువు తండ్రులు

ఇటువైపు, అంటే కూచ్‌బిహార్ జిల్లాలోని బంగ్లా తునకల్లో, పిల్లలను బడిలో చేర్చడానికి జనం ఒక ఉపాయం కనిపెట్టారు. పక్క భారత గ్రామంలో తెలిసినవారిని బతిమాలి, వారి పేరును తండ్రి పేరుగా రాయించేవారు. కొందరు ఊరకే ఒప్పుకున్నారు, మరికొందరు డబ్బు తీసుకున్నారు. కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్ళే స్త్రీలు భర్త పేరును కూడా అలాగే అరువు తెచ్చుకునేవారు. ప్రసవ వేదనలో ఉన్న మనిషి పరాయి పురుషుని పేరు తన భర్తగా చెప్పవలసి రావడం ఎంతటి అవమానమో వేరే చెప్పనక్కరలేదు.

2015 తరువాత ఈ ఉపాయమే మెడకు చుట్టుకుంది. కొత్తగా ఇచ్చిన ఓటరు కార్డులో, ఆధార్‌లో కన్నతండ్రి పేరుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో అరువు తండ్రి పేరుంటుంది. ఉద్యోగ దరఖాస్తుకు రెండూ జతచేయాలి. అన్నకు ఒక తండ్రి, తమ్ముడికి మరొక తండ్రి నమోదై ఉన్న ఇళ్ళలో వారసత్వ హక్కును నిరూపించడం మరింత కష్టం. ఇల్లు కదలకుండానే దేశం మారినవారి పాట్లు ఇవి. భూమి మార్పిడిని గురించి ఆలోచించినంత లోతుగా ప్రభుత్వ యంత్రాంగం కాగితాల మార్పిడిని గురించి ఆలోచించలేదన్నది స్పష్టం.

ఈ మార్పిడికి పట్టిన కాలం గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1958లో నెహ్రూ, ఫిరోజ్ ఖాన్ నూన్ అంగీకరించారు. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ అవసరమని 1960లో బేరుబాడీ వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది. 1974 మే 16న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నారు. బంగ్లాదేశ్ అదే ఏడాది ఆమోదించింది, భారతదేశం ఆమోదించలేదు. 2011లో మన్మోహన్ సింగ్ ఢాకా పర్యటనలో అదనపు ఒడంబడిక కుదిరింది. 2015 మేలో పార్లమెంటు నూరవ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. ఆ ఏడాది జూలై 31 అర్ధరాత్రి తునకలు చేతులు మారాయి. తీన్ బిఘా మార్గంతో కలిసివున్న దహగ్రామ్-అంగర్‌పోతా మాత్రం బంగ్లాదేశ్‌కే మిగిలింది.

ఎవరు వచ్చారు, ఎవరు ఆగారు

2011 జూలైలో ఉభయ దేశాలూ కలిసి జరిపిన గణనలో 162 తునకల్లో 51,549 మంది ఉన్నట్లు తేలింది. వీరిలో 37,334 మంది బంగ్లాదేశ్ లోపలి భారత తునకల్లోనూ, 14,215 మంది భారతదేశం లోపలి బంగ్లా తునకల్లోనూ ఉన్నారు. ఏ దేశ పౌరసత్వం కావాలో 2015 జూలైలో అధికారులు ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ఇటువైపు నుంచి ఒక్కరూ బంగ్లాదేశ్‌కు పోతామనలేదు. అటువైపు 37 వేల మందిలో భారతదేశానికి వస్తామన్నవారు 979 మందే. వీరిలో హిందువులతో పాటు ముస్లిములు కూడా ఉన్నారు. చివరి క్షణంలో మనసు మార్చుకున్నవారు పోగా సరిహద్దు దాటినవారు ఇంకా తగ్గారు.

ఈ అంకెను చూసి దేశభక్తిని తూకం వేయబోయినవారు లేకపోలేదు. రైతు లెక్క వేరు. తాత కొట్టిన బావి, తండ్రి నాటిన పోకచెట్లు, నమ్మకస్తుడైన పొరుగువాడు ఉన్నచోట ఉండడమే అత్యధికులు ఎంచుకున్నారు. పైగా ఇన్నాళ్ళుగా వారు పంట అమ్మింది అక్కడి సంతలోనే, పిల్లనిచ్చి పుచ్చుకున్నది అక్కడి ఊళ్ళతోనే. దాసియార్ ఛరా వంటి పెద్ద తునకల్లో బంగ్లాదేశ్ ప్రభుత్వం కరెంటు, రోడ్లు, బళ్ళు త్వరగానే ఏర్పాటు చేసింది. ఆగినవారికి ఆ మేరకు నష్టం జరగలేదు.

వచ్చినవారి కారణాలు కూడా అంతే సాదావి. ఇటువైపు బంధువులున్నారు, పిల్లలకు చదువు, ఉద్యోగం దొరుకుతాయి, అల్పసంఖ్యాకులుగా భయపడుతూ బతకనక్కరలేదు, ప్రభుత్వం ప్యాకేజీ ఇస్తుంది. కానీ పౌరసత్వం కోరుకునే హక్కును ఇచ్చినది విడివిడిగా మనుషులకు. ఇల్లన్నది విడివిడి మనుషుల మొత్తం కాదు. 2011 గణన జాబితాయే ఆధారం కావడంతో, ఆనాడు పనికోసం ఊరు విడిచిపోయి లెక్కలోకి రానివారికి దారి మూసుకుపోయింది. తల్లిదండ్రుల పేర్లున్నాయి, బంగ్లాదేశ్ గ్రామానికి కోడలిగా పోయిన కూతురి సంసారం అక్కడే. కొడుకు వస్తానంటాడు, పొలం విడిచి రాలేనని తండ్రి అంటాడు. ఒకే ముంగిట వండుకు తిన్నవారు రెండు దేశాలకు చెందినవారయ్యారు.

భూమి సంగతి మరీ దయనీయం. గడువు దగ్గరపడుతున్న కొద్దీ అమ్మేవాడి తొందర కొనేవాడికి తెలిసిపోతుంది. తెల్లకాగితపు హక్కుకు ధర పలకదు. చాలామంది వచ్చిన ధరకు అమ్ముకున్నారు, కొందరు బంధువులకు అప్పగించి వచ్చారు. అలా అప్పగించిన పొలం మీద సరిహద్దు ఇవతల నుంచి అజమాయిషీ ఎలా సాధ్యమో ఏ ఒప్పందమూ చెప్పలేదు.

కేంద్ర మంత్రివర్గం 2015 డిసెంబరులో రూ.1,005.99 కోట్ల ప్యాకేజీని ఆమోదించింది. అందులో రూ.898 కోట్ల పైచిలుకు తునకల్లో, వాటి పరిసరాల్లో మౌలిక సదుపాయాలకు, మిగిలిన రూ.107 కోట్ల చిల్లర తరలివచ్చినవారి పునరావాసానికి. శిబిరాల్లో బియ్యం, పప్పు, నూనె, కిరోసిన్ ఇచ్చారు. పిల్లలు బడిలో చేరారు, ఈసారి సొంత తండ్రి పేరుతోనే. 2016 మేలో శాసనసభ ఎన్నికలలో పాత తునకలవారు, కొత్తగా వచ్చినవారు మొదటిసారి ఓటు వేశారు. వృద్ధులు సైతం వరుసలో నిలబడి వేలిపై సిరా గుర్తును చూసుకుని మురిసిపోయారు. ఈ లాభాలను తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

అయితే వచ్చినవారిలో అత్యధికులు వ్యవసాయదారులు. వారికి ఇచ్చిన పునరావాసంలో ఇల్లు ఉంది, సేద్యానికి భూమి లేదు. వేసవిలో రేకు కాలిపోతుంది, శీతాకాలంలో ఉత్తరాది మంచు రేకు కిందకు దిగుతుంది. ఇటువంటి షెడ్లలో తాత్కాలికమన్న కాపురం ఏళ్ళ తరబడి సాగింది. తరువాత అంతస్తుల భవనాలలో ఫ్లాట్లు కట్టి అప్పగించారు. ఫ్లాటు గట్టిదే. కానీ రైతు ఇంటికి గోడల కంటె ముంగిలి ముఖ్యం. ఆవును ఎక్కడ కట్టాలి? ధాన్యం ఎక్కడ ఎండబోయాలి? పెరటి సొరపాదు ఏ అంతస్తు మీద పాకాలి? నిర్మాణ శాఖ ఇంజనీరును నిందించి లాభం లేదు. ఆయనను కట్టమన్నది గృహాలు, ఆయన కట్టినది గృహాలే. పోలవరం ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు తరలినవారిని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు.

ఉపాధి దొరకని పడుచువారు కూలికోసం ఢిల్లీ వైపు, ఇతర రాష్ట్రాలకు పోయారు. ఇల్లు మారినది స్థిరపడడం కోసం. స్థిరపడడానికి మళ్ళీ ఇల్లు విడవవలసి వచ్చింది. శిబిరాలు మూడు చోట్ల ఉండడం వల్ల ఒకే ఊరివారు కూడా చెదిరిపోయారు. మేఖ్‌లీగంజ్, హల్దీబాడీల మధ్య తీస్తా నది అడ్డం. 2021లో వంతెన ప్రారంభమయ్యే దాకా ఎదురుగా కనిపించే ఒడ్డుకు జల్పాయ్‌గుడి మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చేది.

అటువైపు మిగిలిపోయిన వారిని చూసిరావడం మరొక సమస్య. ప్రయాణ అనుమతి పత్రం ఒకసారి దాటడానికి ఇచ్చినది. తిరిగి వెళ్ళాలంటే పాస్‌పోర్టు, వీసా, దారి ఖర్చు. 1965 యుద్ధంతో తెగిపోయిన హల్దీబాడీ-చిలాహాటీ రైలుమార్గాన్ని 2020 డిసెంబరులో తిరిగి తెరిచినప్పుడు శిబిరాలవారు ఆశపడ్డారు. 2022 జూన్‌లో ఆ దారిన న్యూ జల్పాయ్‌గుడి నుంచి ఢాకాకు మితాలీ ఎక్స్‌ప్రెస్ మొదలైంది గానీ హల్దీబాడీవారు అందులో ఎక్కే వీలు కల్పించలేదు. 2024 జూలైలో బంగ్లాదేశ్ అల్లర్ల వేళ ఆ రైలు కూడా నిలిచిపోయింది, ఆ ఏడాది ఆగస్టు తరువాత వీసాల జారీ బాగా తగ్గిపోయింది. అమ్మ చనిపోయిందన్న కబురు ఫోనులో నిమిషంలో చేరుతుంది. దినాలకు అందుకోవాలంటే మాత్రం వీసా దరఖాస్తులో సందర్శన కారణం, అక్కడి చిరునామా రాయాలి. ఆ చిరునామా తాను పుట్టిన ఇంటిదే.