బండి నంబరు చూసి ఇంటికి ఉత్తరం

ప్రతి బండికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పక్కన యజమాని పేరు, ఇంటి చిరునామా ప్రభుత్వ రికార్డులో రాసి ఉంటాయి. వాటిని ఎవరెవరు చూడొచ్చు?

బ్రిటన్ దేశంలో ఈ రికార్డు స్వాన్సీ నగరంలోని డి.వి.ఎల్.ఎ. అనే ప్రభుత్వ ఆఫీసులో ఉంటుంది.

అక్కడ పెద్ద దుకాణాల ముందు బండ్లు నిలిపే చోటును ప్రైవేటు కంపెనీలు చూసుకుంటాయి. గడువు దాటి బండి ఉంటే కెమెరా నంబరును ఫోటో తీస్తుంది. కంపెనీ ఆ ఆఫీసుకు 2.50 పౌండ్లు కట్టి పేరు, చిరునామా తీసుకుంటుంది. డబ్బు కట్టమని ఇంటికి ఉత్తరం పంపుతుంది.

అడిగినవాళ్ళందరికీ వివరాలివ్వరు. కంపెనీ గుర్తింపు ఉన్న సంఘంలో చేరి ఉండాలి. తగిన కారణం చూపాలి.

ఇంగ్లండు, వేల్సులలో ఇదివరకు ఇలాంటి చోట బండి చక్రానికి తాళం వేసేవాళ్ళు. 2012లో చట్టం దాన్ని ఆపింది. డ్రైవరు ఎవరో తెలియకపోతే, బండి ఎవరి పేర ఉందో వాళ్ళను డబ్బు అడగవచ్చని అదే చట్టం చెప్పింది.

స్థలం ఉన్నవాళ్ళకు న్యాయం జరగాలి. నిజమే. కానీ బండిగలవాళ్ళు పేరు ఇచ్చింది ప్రభుత్వానికి, కంపెనీకి కాదు. చాలామంది అభ్యంతరం ఇదే.

ఆ ఉత్తరం కోర్టు వేసిన జరిమానా కాదు. అలాగని పక్కన పడెయ్యకూడదు. కంపెనీ కోర్టుకు పోవచ్చు. తప్పు లేదనుకుంటే ముందు కంపెనీకి రాయాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే అప్పీలు చేసుకోవచ్చు. దానికి ఖర్చు లేదు. అయితే ఉత్తరంలో రాసిన గడువులోగా రాయాలి. అందుకే ఉత్తరం చివరిదాకా చదవాలి.

పేరు, చిరునామా చిన్న సంగతులు కావు. ఎక్కడ రాసిచ్చినా రెండు ప్రశ్నలు అడగాలి. ఇవి ఎందుకు? ఎవరికి చూపిస్తారు?