అడ్డపొగ – అంగుట్లో మచ్చలు

చుట్టని నిప్పు బయటికి పెట్టి కాల్చడం అందరం చూశాం. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకొని కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు ఇది ఎక్కువ, ముఖ్యంగా ఆడవాళ్ళలో. మా ఊళ్ళో ముసలమ్మలు కూడా కాలుస్తారు. గాలికి ఆరిపోదంట, ఎక్కువసేపు వస్తాదంట, పని చేసుకుంటుంటే బూడిద చంటిపిల్లల మీద పడదంట. మన కోనసీమ దగ్గర గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకే పేరు పొందింది.

నిప్పు లోపల ఉంటే వేడి, పొగ రెండూ తిన్నగా అంగుటికి తగులుతాయి. ముందు అంగుడు తెల్లబారుతుంది. తర్వాత ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. అవి ఉమ్మి ఊరే చిన్న గ్రంథుల నోళ్ళు, వాచి ఎర్రబడతాయి. కొందరికి ఎర్ర మచ్చలు, పుండ్లు వస్తాయి. మన దేశంలో నోటి కాన్సరు ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచున వస్తుంది. అంగుట్లో తక్కువ. అడ్డపొగ కాల్చేవారికి మాత్రం అంగుట్లోనే ఎక్కువ.

దీన్ని లెక్కగట్టి చూసినవారు ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారు. అణువుల గురించి చదివే చోట పళ్ళ డాక్టర్లు ఏంటని నాకు వింతగా అనిపించింది! ఆ సంస్థ డాక్టర్ ఫాలీ మెహతా, డెన్మార్క్ డాక్టర్ పిండ్‌బోర్గ్, వారి తోటివారు 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూశారు. వందకి సుమారు 44 మంది అడ్డపొగ కాలుస్తున్నారు. ఈ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. తర్వాత వాళ్ళు పల్లెల్లో మానమని చెబుతూ ఏటేటా నోళ్ళు చూస్తూ వచ్చారు. మానేసినవారిలో మచ్చలు తగ్గాయి. కాన్సరు వచ్చినవారిలో చాలామందికి ముందే మచ్చలున్నాయి. అంటే కాన్సరు చాలామందిలో చెప్పకుండా రాదు, ముందే గుర్తు పెడుతుంది.

కాని ఆ గుర్తు నొప్పి పెట్టదు. మా అవ్వకి అంగుడు తెల్లగా ఉంది. "నొప్పి లేందే డాక్టరెందుకే" అంటది. అసలు చిక్కు అక్కడే ఉంది. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చ ఎక్కువ ప్రమాదం, రెండూ నొప్పి లేకుండానే ఉండొచ్చు. గుట్కా, వక్క నమిలేవారికి ఇంకో రకం: బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టి చూడండి, పట్టాలి. రెండు వారాలు దాటినా మానని పుండుంటే తప్పకుండా చూపించాలి.

చూడ్డానికి పెద్ద మిషను అక్కర్లేదు. టార్చిలైటు, నాలుక నొక్కే పుల్ల చాలు. పెదవులు, బుగ్గలు, నాలుక అంచులు, నాలుక కింద, అంగుడు వరసగా చూస్తారు. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996 నుంచి డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకి ఇది నేర్పించి పల్లెల్లో తిప్పారు. పొగాకు, సారా అలవాటున్నవారిలో నోటి కాన్సరు చావులు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. ఇప్పుడు మన దేశంలో 30 ఏళ్ళు దాటినవారికి నోరు చూసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఏ.ఎన్.ఎం. అక్కని అడగొచ్చు.

అనుమానం ఉన్న చోట డాక్టరు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మావాళ్ళు భయపడతారు. అలా పాకదు. చూడకపోతేనే ఏముందో తెలీదు.

వార్డెను మేడంగారికి ఒక మనవి. ఈసారి నర్సమ్మగారు మనకి పరీక్షలు చేయడానికి వచ్చినప్పుడు నోరు ఎలా చూడాలో మాకు కూడా చూపించమని అడగండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అవ్వల్ని కూర్చోబెట్టి చూస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని