అడ్డుపడటం ఎప్పుడు ఆటవుతుంది?

గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింగరేణి కార్మికుల కబడ్డీ చూసేవాళ్లకు పేచీ ఎక్కడ పుడుతుందో బాగా తెలుసు. కూతకు వెళ్లినవాడు ఒంటరిగా ఉన్నంతసేపు గొడవ ఉండదు. ఒకడు చీలమండ, ఇంకొకడు నడుము పట్టి, మిగతావాళ్లు మీద పడ్డాకే జనం లేచి నిలబడతారు. గీత తాకాడా? కూత ఆగిందా? ఎవరి చెయ్యి ఎవరి మీద ఉంది? ఆ కుప్పలో ఎవరికీ అంతా కనిపించదు. అంపైర్‌కూ కనిపించదు. అయినా తీర్పు చెప్పక తప్పదు.

రగ్బీలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. మన హైదరాబాద్ హీరోస్ జట్టు 2025 జూన్‌లో ముంబైలో ఆడింది ఏడుగురి రగ్బీ. అందులో ఇలా గుంపుగా పెనుగులాడే ఘట్టం అరుదు. 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌లో దీని పేరు ‘మాల్’. బంతి ఉన్నవాణ్ని ప్రత్యర్థి పట్టుకుంటాడు గానీ పడగొట్టలేడు. సొంత జట్టువాడొకడు వచ్చి కలుస్తాడు. ముగ్గురూ నిలబడే పెనవేసుకుంటే మాల్ ఏర్పడినట్టు. తర్వాత రెండు వైపుల నుంచీ మరికొందరు చేరతారు. బంతి చేతులు మారుతూ చిట్టచివరివాడికి చేరుతుంది. అతని ముందు ఏడుగురు ఒకటై నెడుతుంటారు.

నిజానికి ఇది తప్పు కావాలి. బంతి ఉన్న సహచరుడి ముందు నిలబడి ప్రత్యర్థిని అడ్డుకోవడం రగ్బీలో నేరం. దాన్నే అబ్‌స్ట్రక్షన్ అంటారు. మరి మాల్‌లో ఏడుగురు అడ్డం నిలిస్తే ఒప్పెలా అయింది? ప్రత్యర్థి తానే వచ్చి పట్టుకున్నాడు కాబట్టి. అతని చెయ్యి పడితే అది పోటీ, పడకపోతే అది వట్టి అడ్డు. మాల్ నిబంధనలన్నిటికీ మూలం ఇదేనని నా అభిప్రాయం.

ఈ మూలాన్ని పట్టుకున్న జట్లు దాంతో ఎత్తులు వేస్తాయి. పక్కగీత నుంచి విసిరిన బంతిని ఒక జట్టు అందుకుని మాల్‌కు సిద్ధమవుతుంది. అవతలివాళ్లు పట్టుకోకుండా అలాగే నిలబడిపోతారు. మాల్ ఏర్పడలేదు. ఇప్పుడు బంతిని వెనక్కి పంపి, ముందున్నవాళ్లతో దూసుకెళ్తే ఆట ఆగి బంతి అవతలి జట్టుకు పోతుంది. 2017 ఫిబ్రవరి 26న ట్వికెన్‌హామ్‌లో ఇటలీ ఇదే తర్కాన్ని నేల మీది బంతికి వాడింది. ఆ బంతి కోసం పెనుగులాటకు తమవాళ్లెవరూ వెళ్లకపోతే ‘రక్’ లేదు, రక్ లేకపోతే ఆటగాళ్లు దాటకూడని ఆఫ్‌సైడ్ గీత లేదు. ఇటలీ ఆటగాళ్లు దర్జాగా ఇంగ్లండ్ వైపు వెళ్లి నిలబడ్డారు. ఏం చేయాలో తోచక ఇంగ్లండ్ ఆటగాళ్లు రెఫరీనే అడిగారు. తాను కోచ్‌ను కానన్నాడాయన. ఆ మ్యాచ్ ఇంగ్లండే గెలిచింది, నిబంధన మాత్రం ఆ ఏడాదే మారింది.

మాల్ కదలడం వెనక భౌతికశాస్త్రం చూడండి. ఒక్కొక్కరు 110 కిలోల చొప్పున ఎనిమిది మంది అంటే 880 కిలోలు. కానీ నెట్టేది బరువు ఒక్కటే కాదు. కాలు నేలను వెనక్కి తంతేనే నేల మనిషిని ముందుకు తోస్తుంది. బూటు పట్టు జారిందా, ఎంత బలవంతుడైనా నిలబడలేడు. దిశ కూడా ముఖ్యమే. నెట్టేవాడు 30 డిగ్రీలు పక్కకు తిరిగితే అతని బలంలో నూటికి 87 పాళ్లు ముందుకు, 50 పాళ్లు పక్కకు పనిచేస్తాయి. (రెండూ కలిపితే నూరు దాటిందేమని అడగకండి, దిశలున్న బలాలు అలా కూడవు.) ఆ పక్క బలమే గుంపును గిర్రున తిప్పుతుంది.

కూలిపోవడం సంగతి భూగర్భ గనిలో పనిచేసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. రూఫ్‌ను మోసే ఒక ప్రాప్ జారితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, అవీ తట్టుకోకపోతే వరసగా పోతాయి. మాల్‌లో ఒక్కడు మోకాలు వంచినా అంతే. పైవాళ్ల బరువంతా అడుగువాడి మెడ మీద పడొచ్చు. మాల్‌ను కూల్చడానికి 2008లో ప్రయోగంగా అనుమతిచ్చి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు గోల్ గీత దగ్గర ట్రై (బంతిని గీత అవతల నేలకు ఆనించడం) అయ్యేలా ఉన్న మాల్‌ను కూలిస్తే అవతలి జట్టుకు నేరుగా 7 పాయింట్లు.

ఇదంతా చూడాల్సిన రెఫరీ కన్ను ఎంత చూడగలదు? మన కంటికి స్పష్టంగా కనిపించే మేర సుమారు 2 డిగ్రీలే. 5 మీటర్ల దూరంలో అది 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. మిగతాదంతా మసక. చేతులూ పాదాలూ ఒకేసారి స్పష్టంగా చూడటం ఎవరి వల్లా కాదు. అందుకే నిబంధనలు కనిపించని బంతిని వదిలేసి కనిపించేవాటికి ముడిపడ్డాయి. చివరివాడి వెనక పాదం దగ్గర ఆఫ్‌సైడ్ గీత. కొత్తగా చేరేవాడు వెనక నుంచే రావాలి, ఆనుకుంటే చాలదు, చేత్తో పట్టుకోవాలి. బంతి ఉన్నవాడు గుంపు నుంచి విడిపోయినా ముందున్నవాళ్లు అడ్డంగా సాగితే తప్పే. గుంపు ఆగితే 5 సెకన్ల లెక్క. నిలబడే చోటు కూడా తీర్పును మారుస్తుంది. ఫుట్‌బాల్ లైన్స్‌మెన్ ఆఫ్‌సైడ్ పొరపాట్లకు వాళ్లు నిలబడిన కోణమే ప్రధాన కారణమని డచ్ పరిశోధకులు 2000లో నేచర్ పత్రికలో చూపారు.

టీవీ రీప్లే ఉందిగా అంటారు. దానికీ ఒక దోషముంది. నెమ్మదిగా తిప్పి చూపిన దృశ్యం చూస్తే, అవతలివాడు కావాలనే చేశాడని మనిషి ఎక్కువగా నమ్ముతాడని 2016లో అమెరికా పరిశోధకులు తేల్చారు. మాల్ కావాలని కూల్చారా, జారి కూలిందా అన్న ప్రశ్నకు ఆ వేగంలో సమాధానం వెతకడం ప్రమాదం.

నిబంధనే రెండు రకాలుగా ఉంటే ఏ కెమెరా కూడా ఆదుకోదు. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్. భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్నాయి, ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు మిగిలింది. కూతకు వెళ్లిన పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే కోర్టు పక్క పట్టీ అయిన లాబీలోకి అడుగేశాడు, ఇరాన్ ఆటగాళ్లు వెంటపడి లాబీలోకి వచ్చారు. తాకిడి లేనప్పుడు ఆ మీటరు వెడల్పు పట్టీ ఆటలో భాగం కాదు. పాత నిబంధన ప్రకారం వెంట వచ్చినవాళ్లూ ఔట్, కొత్త నిబంధన ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. ఏం జరిగిందో అందరికీ కనిపించింది, ఏ నిబంధన వర్తిస్తుందన్నదే తేలలేదు. ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది.

గనుల్లోనైనా, ఊళ్లలోనైనా కబడ్డీ పోటీలు పెట్టేవాళ్లకు ఒక్క మాట. మొదటి కూతకు ముందే ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి, లాబీకి ఏ నిబంధన పాటిస్తున్నారో చెప్పండి, మైకులో కూడా చదివి వినిపించండి.