అతుకు సడలితే చూపు చెదురుతుంది

కర్మాగారాలలో పనిచేసే మనకు అతుకు విలువ తెలియనిది కాదు. పైపు ఎంత దృఢమైనదైనా, రెండు ఫ్లాంజిల నడుమ గాస్కెట్ సడలిందంటే లీకేజీ తప్పదు. మన కంటిలోని రెటీనాకూ అటువంటి అతుకులే రక్ష. శాస్త్రజ్ఞులు వాటిని టైట్ జంక్షన్లు అంటారు.

దేహంలో ఆక్సిజన్‌ను అత్యధికంగా వినియోగించే కణజాలాలలో రెటీనా ఒకటి. దానికి రక్తం పుష్కలంగా కావాలి. కాని రక్తంలోని ప్రతి పదార్థమూ లోనికి చొరబడరాదు. అందుకే ప్రకృతి రెండు గోడలు కట్టింది. రెటీనా రక్తనాళాల లోపలి పొర ఒక గోడ. రెటీనా వెనుకనున్న వర్ణక కణాల పొర రెండవది. ఈ గోడలలో పక్కపక్క కణాలను బిగించి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనవి అక్లూడిన్, క్లాడిన్‌లు. జపాన్‌కు చెందిన షోయిచిరో త్సుకితా బృందం వీటిని వరుసగా 1993, 1998లలో వెల్లడించింది. కణం లోపల జెడ్.ఓ.-1 అనే మరో ప్రోటీన్ వీటిని ఆక్టిన్ పోగులకు ముడివేస్తుంది.

మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాలోని సూక్ష్మ రక్తనాళాలు కొన్ని మూసుకుపోతాయి. ఆక్సిజన్ చాలని కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే వృద్ధి కారకాన్ని అధికంగా విడుదల చేస్తాయి. కొత్త రక్తనాళాల కోసం దేహం పంపే కబురు అది. రక్తనాళాలను స్రవింపజేసే పదార్థంగా దీనిని 1983లో అమెరికాలో గుర్తించగా, 1989లో నెపోలియాన్ ఫెరారా బృందం దీనికి నేటి పేరు పెట్టింది.

ఈ కబురు అందిన రక్తనాళ కణంలో అక్లూడిన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. అది అతుకును విడిచి కణంలోనికి మరలిపోతుంది. బిగువు సడలి, రక్తంలోని ద్రవం మాక్యులాలోకి ఊరుతుంది. అక్కడ వాపు వచ్చి నడిమి చూపు మసకబారుతుంది. కొత్తగా మొలిచే నాళాలు సైతం బలహీనమై రక్తస్రావానికి దారితీస్తాయి.

అయితే వి.ఇ.జి.ఎఫ్.ను శత్రువుగా భావించరాదు. మితంగా ఉన్నంతకాలం రక్తనాళాల, నాడీకణాల మనుగడకు అది అవసరమే. అతి అయినప్పుడే అనర్థం.

దీనిని అడ్డగించే రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌ను అమెరికాలో 2006లో వృద్ధాప్యంలో వచ్చే మాక్యులా వ్యాధికి, 2012లో మధుమేహపు వాపుకు అనుమతించారు. 2015 నుండి మన దేశంలో తయారైన బయోసిమిలర్ సైతం లభిస్తోంది. కాని ఈ ఇంజెక్షన్లు పలుమార్లు తీసుకోవలసి వస్తుంది. పూర్తిగా దెబ్బతిన్న కణాలను అవి తిరిగి తేలేవు.

దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నట్లు 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం అంచనా. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు, చూపూ తగ్గకపోవచ్చు. కనుక అక్షరాల పటం చదివి తృప్తిపడక, మధుమేహమున్న సహోద్యోగులందరూ ఏటా కంటిపాప విప్పార్చే మందు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకోవాలని, రక్తంలో చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుకోవాలని మనవి చేస్తున్నాము. లీకేజీ కనబడేదాకా ఆగి యంత్రాన్ని విప్పడం మన పద్ధతి కాదు. కంటి విషయంలోనూ ఆ పద్ధతినే పాటిద్దాము.