పిట్ట మింగరానిది మింగితే

నాటుకోడిని కోసినప్పుడు కందనకాయ చీల్చి చూడనివారు మన పల్లెల్లో అరుదు. లోపల పసుపుపచ్చటి గట్టి పొర, దాని నిండా ఇసుక, చిన్న చిన్న రాళ్లు, ఒక్కోసారి గాజు పెంకు. పిట్టకు పళ్లుండవు. మింగిన గింజను ఆ రాళ్లతో కలిపి కందనకాయే తిరగలిలా నూరుతుంది. పంజరంలో పెంచుకునే లవ్ బర్డ్స్‌కీ, మేడ మీది పావురాలకీ కందనకాయ ఉంటుంది. అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది.

పిట్ట ఏదో మింగిందని తెలియగానే గొంతుకు అడ్డం పడిందా అని చూస్తాం. పడలేదంటే 'రెట్టలో పోతుందిలే' అని ఊరుకుంటాం. నున్నటి చిన్న ప్లాస్టిక్ పూస అలా పోతే పోవచ్చు. లోహం అలా కాదు. బరువైన ముక్క కందనకాయలోనే ఉండిపోయి, రోజుల తరబడి అరుగుతూ, కడుపులోని ఆమ్లానికి కరుగుతూ నెత్తుట్లో కలుస్తుంది. సీసం, జింకు రెండూ పిట్టలకు విషమే. ముప్పై నలభై గ్రాముల ప్రాణికి అదెంత కావాలి? కాలిఫోర్నియాలో కాండర్ అనే పెద్ద రాబందులు, వేటగాళ్లు వదిలిన కళేబరాల్లోని తూటా ముక్కలు మింగి చచ్చిపోతుంటే, 2019 నుంచి అక్కడ వేటకు సీసం తూటాలనే నిషేధించారు.

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి చుట్టుపక్కల ఇళ్లలో పిట్ట మింగరాని వస్తువులు తక్కువేం కాదు. భావనపాడు తీరంలో వల అంచుకు కట్టే సీసం గుళ్లు, పంజరానికి చుట్టిన జింకు పూత తీగ, కొత్తమ్మతల్లి జాతరలో కొన్న చవక గొలుసు ముక్కలు. ఉద్దానం కొబ్బరి పీచు తాడును పంజరంలో ఊయలగా కడుతుంటారు. పిట్ట దాన్ని కొరికి మింగితే, గొంతు కింద మేత నిలిచే సంచిలో పీచు ఉండకట్టి దారి మూసేస్తుంది.

మింగడం చూశారా, ముందు చేతులు ఆపుకోండి. నోట్లో వేలు, పట్టకారు పెట్టొద్దు. తలకిందులుగా పట్టి విదిలించొద్దు. జారిపోతుందని ఆముదమో నువ్వుల నూనో పోస్తారు కొందరు. అది చాలా ప్రమాదం. పిట్టకు ఊపిరి తీసే రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. పోసిన నూనె నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కు నుంచి దారం వేలాడుతుంటే లాగొద్దు, దాని చివర సూది ఉండొచ్చు. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కకూడదు. రొమ్ము ఎముక ఆడితేనే పిట్టకు ఊపిరాడుతుంది.

బెజ్జాలున్న అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, పిట్టను అందులో ఉంచండి. పెట్టె చీకటిగా, వెచ్చగా ఉండాలి. గింజలు, నీళ్లు దగ్గర పెట్టండి, బలవంతంగా తినిపించొద్దు. మింగినది ఎలాంటిదో అలాంటి ముక్క ఒకటి, కాగితం మీద పడిన రెట్ట, మింగిన వేళ రాసుకున్న చీటీ, ఈ మూడూ డాక్టరుకు ఎంతో పనికొస్తాయి.

నోరు తెరిచి, తోక ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే నిమిషం ఆలస్యం చేయొద్దు. ఈకలు ఉబ్బించి ముడుచుకు కూర్చోవడం, మేత కక్కడం, ముదురాకుపచ్చ రెట్ట, కాళ్ల పట్టు సడలడం, వణుకు కనిపిస్తే విషం ఎక్కుతోందని అనుమానించాలి. అయితే ఇవేవీ కనిపించలేదని ఆగకూడదు. అడవిలో జబ్బుపడ్డ పిట్ట శత్రువు కంటపడకుండా నలతను దాచుకుంటుంది. ఇంటి పిట్టకూ ఆ గుణం పోలేదు. మింగిన రోజే చూపించడం మేలు.

మొదట దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. ఎక్స్‌రే అవసరమైతే గరివిడి పశువైద్య కళాశాల గానీ విశాఖ గానీ వెళ్లాలి. పిట్టలను చూస్తారో లేదో ముందే కనుక్కోండి. ఎక్స్‌రేలో లోహం స్పష్టంగా కనిపిస్తుంది, ప్లాస్టిక్, పీచు సాధారణంగా కనిపించవు. సంచిలోనే ఉంటే కడిగో, చిన్న కోత పెట్టో తీస్తారు. నెత్తుట్లో కలిసిన సీసాన్ని పట్టి బయటికి పంపే ఇంజెక్షన్లున్నాయి. కడుపు కోసి తీయడం ఇంత చిన్న ప్రాణికి గండమే కనుక, అది ఆఖరి మార్గం.

మింగిన పిట్ట రామచిలుక అయితే కొందరు ఆసుపత్రికి రావడానికే జంకుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచడం నేరమన్నది నిజం. ఆ భయంతో మాత్రం దాన్ని పంజరంలో చావనివ్వకండి. ముందు వైద్యం చేయించండి, తరువాత అటవీ శాఖకు అప్పగించండి.